చేపనూనె క్యాప్సూళ్ళు ఎవరికి, ఎంత, ఎందుకు?

ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయసు 46 ఏళ్ళు. చీపురుపల్లి దగ్గర పల్లెలో కుట్టుపని చేసుకుంటాను. రెండేళ్ళ కిందట ఎడమ రొమ్ములో క్యాన్సరు గడ్డకు విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. కీమోథెరపీ, రేడియేషను పూర్తయ్యాయి. ఇప్పుడు రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఈ రెండేళ్ళలో బరువు 65 నుంచి 74 కిలోలకు పెరిగింది. ఈమధ్య రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 268, పరగడుపున చక్కెర 112 వచ్చాయి. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. మందుల షాపులో చేపనూనె క్యాప్సూళ్ళు రోజుకు రెండు వేసుకోమన్నారు, జబ్బు తిరగబెట్టకుండా కూడా పనిచేస్తాయని చెప్పారు. మా వదిన సీఎల్‌ఏ అనే మరో రకం క్యాప్సూళ్ళు వాడితే పొట్ట తగ్గుతుందంటోంది. రెండూ కలిపి నెలకు వెయ్యి రూపాయలు దాటుతోంది. కొనసాగించమంటారా? సీసా మీది కాగితం జతచేశాను.

జవాబు: అమ్మా, సీసా మీది కాగితాన్ని ఊడదీసి ఉత్తరంతో పాటు పంపడం చాలా మంచిపని అయింది, ఎందుకంటే మీరు అడిగినదానిలో సగానికి జవాబు ఆ కాగితం మీదే ఉంది. ముందువైపు పెద్ద అక్షరాలతో ‘1000 మిల్లీగ్రాములు’ అని ఉంది. అది క్యాప్సూలులో ఉన్న మొత్తం నూనె బరువు. వెనకవైపు చిన్న అక్షరాలలో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంది. ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు మీద పనిచేసే ఒమేగా-3 ఆమ్లాలు ఆ రెండే. రెండూ కలిపితే 300 మిల్లీగ్రాములు అవుతుంది. మిగిలిన 700 మిల్లీగ్రాములూ చేపలో ఉండే ఇతర కొవ్వులు. రోజుకు రెండు క్యాప్సూళ్ళు మింగితే మీకు అందేది 600 మిల్లీగ్రాములు. ట్రైగ్లిజరైడ్లు గుర్తించదగినంతగా తగ్గడానికి రోజుకు రెండు నుంచి నాలుగు గ్రాముల ఈపీఏ, డీహెచ్‌ఏ కావాలి. ఆ లెక్కన ఇదే సీసాలోవి రోజుకు ఏడు నుంచి పదమూడు మింగవలసి వస్తుంది. అలా మింగమని నేను చెప్పడం లేదు, మీరు డబ్బు పెడుతున్న మోతాదు ఆ పనికి చాలదని మాత్రమే చెబుతున్నాను. నాలుగు గ్రాముల మోతాదు డాక్టరు రాసి, మధ్యమధ్య పరీక్షలు చేయిస్తూ ఇవ్వవలసిన మందు. ఆ మోతాదులో కొందరికి గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఇబ్బంది పెరిగినట్టు వేలమందికి ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలలోనే తేలింది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవారికి క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ మందు గురించి గట్టిగా ఆలోచిస్తారు. 268 దగ్గర మొదట చేయవలసినవి వేరే ఉన్నాయి.

ఇక జబ్బు తిరగబెట్టదన్న మాట. ఈ మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అమెరికాలో 25,871 మంది మీద ‘వైటల్’ అనే పరీక్ష జరిగింది. రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 ఇచ్చి ఐదేళ్ళకు పైగా గమనించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. క్యాన్సరు కొత్తగా రావడం ఏమీ తగ్గలేదు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూసిన ప్రధాన లెక్కలో కూడా చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అది అంతకుముందు క్యాన్సరు లేనివారి మీద చేసిన పరీక్ష. ఒకసారి రొమ్ము క్యాన్సరు వచ్చి తగ్గినవారిలో చేపనూనె దాన్ని మళ్ళీ రాకుండా ఆపుతుందని నిరూపించిన పెద్ద పరీక్ష ఏదీ లేదు. మీ విషయంలో ఆ పని చేస్తున్నది టామాక్సిఫెన్. హార్మోను గ్రాహకాలు ఉన్న, అంటే ఆడ హార్మోను తగిలితే పెరిగే గడ్డలకు ఐదేళ్ళపాటు ఆ మాత్ర వాడిన స్త్రీలలో, పదిహేనేళ్ళ కాలంలో రొమ్ము క్యాన్సరు మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ, ఎచ్చెర్ల వైపు నుంచి, చేతిలో డబ్బు తక్కువైన నెలలో చవకైన టామాక్సిఫెన్‌ను ఆపేసి ఖరీదైన చేపనూనెను కొనసాగించింది. ఖరీదైనదే బలమైన మందు అనుకుంది పాపం. మీ ఇంట్లో అటువంటి లెక్క ఎప్పుడూ రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

టామాక్సిఫెన్ వల్ల కొందరిలో ట్రైగ్లిజరైడ్లు పెరగడం, కాలేయానికి కొవ్వు పట్టడం నిజమే. కీమోథెరపీ సమయంలో కదలిక తగ్గి, నెలసరి ఆగి, బరువు పెరగడం కూడా చాలామందిలో చూస్తాం. అందుకని మాత్ర ఆపమని అర్థం కాదు. మీ రిపోర్టులను క్యాన్సరు డాక్టరుకు చూపించి, కాలేయపు ఎంజైముల పరీక్ష కూడా చేయించి, రక్తపరీక్షను పన్నెండు గంటలు ఏమీ తినకుండా మరొకసారి చేయించండి. ముందురోజు పెళ్ళిభోజనం చేసి, ఉదయం టీ తాగి ఇచ్చిన రక్తంలో ట్రైగ్లిజరైడ్ల అంకెను నమ్మలేం.

మరొక కొలత మీరే తీసుకోవచ్చు. మీ మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది కదా. జాకెట్టుకు నడుము కొలిచినట్టు బిగించకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడండి. మన స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు హద్దు. నడుము ఆ హద్దు దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150 గాని అంతకు మించి గాని ఉండడం, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 50కి తక్కువ కావడం, రక్తపోటు 130/85కు చేరడం, పరగడుపు చక్కెర 100కు చేరడం, ఈ అయిదింటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మీకు ఇప్పటికే రెండు ఉన్నాయి. మూడోది టేపు చెబుతుంది.

ఇది తగ్గే దారి వంటింట్లోనే ఉంది, అయితే చాలామంది చూసే చోట కాదు. ట్రైగ్లిజరైడ్లు అనగానే అందరూ నూనె డబ్బా వంక చూస్తారు. నూనె చూడవలసిందే. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు మించకూడదు. కాని మనం తిన్న అన్నం, చక్కెర ఒంటికి అవసరమైనదానికన్నా ఎక్కువైనప్పుడు కాలేయం దాన్నే కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మీరు రోజుకు ఎన్ని టీలు తాగుతారో రాయలేదు. మిషను దగ్గర కూర్చునేవారికి నాలుగైదు టీలు మామూలే, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర వేసుకుంటే రోజుకు పది చెంచాలవుతుంది. మొదట దాన్ని తగ్గించండి. రాత్రి అన్నాన్ని సగం చేసి ఉలవలో పెసలో తోటకూరతో వండుకోండి. చోడి (రాగి) అంబలి మంచిదే, అయితే చోళ్ళలో కూడా పిండిపదార్థమే ఎక్కువ కాబట్టి అన్నానికి బదులుగా తాగాలి తప్ప అన్నం తిన్నాక అదనంగా కాదు. మీ బరువులో నాలుగైదు కిలోలు తగ్గితేనే ట్రైగ్లిజరైడ్లు ఐదోవంతు వరకు తగ్గే అవకాశం ఉంది, కాలేయంలోని కొవ్వు కూడా కరుగుతుంది. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చురుకుగా నడవండి. ఆపరేషను జరిగిన వైపు చేతికి వాపు లేకపోతే నెమ్మదిగా బరువులెత్తే వ్యాయామం కూడా మొదలుపెట్టవచ్చు.

చేపలు తింటారా అన్నది కూడా మీరు రాయలేదు. తింటే వారానికి రెండుసార్లు కవళ్ళు గాని, కానగుర్తలు గాని పులుసు పెట్టుకోండి. వంద గ్రాముల కవళ్ళలో సుమారు ఒక గ్రాము, ఒక్కొక్క కాలంలో అంతకన్నా ఎక్కువే, ఈపీఏ, డీహెచ్‌ఏ ఉంటాయి. అంటే మీ సీసాలోని క్యాప్సూళ్ళు మూడు నాలుగింటికి సమానం, పైగా మాంసకృత్తులు కూడా వస్తాయి. కానగుర్తకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో కూడా మన మాటే ఉంది, దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. చేపలు తిననివారు అవిసె గింజలను దోరగా వేయించి పొడి చేసి రోజుకు ఒక పెద్ద చెంచా తీసుకోవచ్చు. అందులో ఏఎల్‌ఏ అనే ఒమేగా-3 ఒకటిన్నర గ్రాముల దాకా ఉంటుంది, అయితే ఒంట్లో అందులో చాలా కొద్ది భాగమే ఈపీఏగా మారుతుంది కాబట్టి చేపకు సరిసమానం కాదు. అవిసె గింజలు అంటే ఇంగ్లీషులో ఫ్లాక్స్ అనేవి, పెరట్లోని అవిసె చెట్టు గింజలు కావు. ఈ పొరపాటు పడినవారు నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

సీఎల్‌ఏ మాత్రం వెంటనే మానేయండి. పాలలో, నెయ్యిలో సహజంగా కొద్దిగా ఉండే ఆ ఆమ్లాన్ని ఎక్కువ మోతాదులో, కొవ్వు కరిగించేదని అమ్ముతున్నారు. 2002లో స్వీడన్‌లో స్థూలకాయులైన మగవారి మీద చేసిన పరీక్షలో అందులోని ఒక రకం ఇన్సులిన్ పనితీరును ఇంకా దెబ్బతీసింది, ఎలుకలలో అదే రకం కాలేయానికి కొవ్వు పట్టించింది. పరగడుపు చక్కెర 112 ఉన్న, కాలేయానికి కొవ్వు పట్టిన మీకు అది అస్సలు తగదు. చేపనూనె సీసాలో మిగిలినవి వాడినా ప్రమాదం లేదు, మళ్ళీ కొననవసరం లేదు. మిగిలిన డబ్బుతో మూడు నెలల తరవాత రక్తంలోని కొవ్వులు చూసే లిపిడ్ పరీక్ష, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, ఫలితాలు నాకు రాయండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. కవిటి మండలంలో ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. నెలసరికి వారం ముందు నుంచి రెండు రొమ్ములూ బరువెక్కి విపరీతంగా నొప్పి పెడతాయి. కుడివైపు ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ ఉంది, సూదిపరీక్షలో ఫైబ్రోఅడినోమా అన్నారు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూళ్ళు ఆరు నెలలు వాడమన్నారు. వాటితో గడ్డ కరుగుతుందా? పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, ఈ సంగతి అమ్మకు దిగులుగా ఉంది. నొప్పి భరించలేనప్పుడు షాపులో నొప్పి మాత్ర తెచ్చి వేసుకుంటున్నాను.

జవాబు: అమ్మా, మీ నొప్పి వేరు, మీ గడ్డ వేరు. రెంటినీ ఒకే జబ్బుగా చూడడం వల్లనే ఇంట్లో ఇంత దిగులు. నెలసరికి ముందు రెండువైపులా వచ్చే నొప్పి హార్మోనుల హెచ్చుతగ్గుల వల్ల వస్తుంది, అది క్యాన్సరు గుర్తు కాదు. ఫైబ్రోఅడినోమా మీ వయసులో తరచుగా కనిపించే మామూలు గడ్డ, అది క్యాన్సరు కాదు. పెళ్ళికి, కాన్పుకు, బిడ్డకు పాలివ్వడానికి అది అడ్డు రాదని అమ్మగారికి నా మాటగా చెప్పండి.

ఏ నూనె తాగినా ఆ గడ్డ కరగదు. కొన్ని గడ్డలు వాటంతట అవే చిన్నవవుతాయి, ఆ సమయంలో ఏ మందు వాడుతుంటే దానికి పేరు వస్తుంది. ఆరు నెలలకొకసారి స్కానింగులో కొలిపించుకోండి. మూడు సెంటీమీటర్లు దాటినా, వేగంగా పెరిగినా సర్జను తీసేస్తారు.

ఇక ప్రిమ్‌రోజ్ నూనె. అది ఒక పూలమొక్క గింజల నుంచి తీసేది. అందులో జీఎల్‌ఏ అనే కొవ్వు ఆమ్లం నూటికి ఎనిమిది నుంచి పది పాళ్ళు ఉంటుంది. రొమ్ము నొప్పి ఉన్న స్త్రీల రక్తంలో ఆ వర్గపు ఆమ్లాలు తక్కువగా ఉన్నాయని ఒకప్పుడు గమనించి, బయటి నుంచి అందిస్తే నొప్పి తగ్గుతుందని ఆశించారు. ఆ ఆశ సబబైనదే. కాని నెదర్లాండ్స్‌లో తీవ్రమైన నొప్పి ఉన్న 120 మంది స్త్రీలకు కొందరికి ప్రిమ్‌రోజ్ నూనె, కొందరికి చేపనూనె, కొందరికి మామూలు వంటనూనెల వంటివి, ఏది ఎవరికిచ్చారో తెలియకుండా ఆరు నెలలు ఇచ్చి 2002లో ప్రకటించిన ఫలితాలలో, నొప్పి అందరికీ కాస్త తగ్గింది గాని ఒక నూనెకూ మరొక నూనెకూ చెప్పుకోదగిన తేడా లేదు. అదే 2002లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ, రొమ్ము నొప్పికి ఆ నూనెను మందుగా అమ్మే అనుమతిని, పనిచేస్తుందన్న ఆధారం చాలదని ఉపసంహరించింది. మీ డాక్టరు రాసినది తప్పని నేను అనను, దానివల్ల హాని తక్కువ కాబట్టి చాలామంది రాస్తారు. మూడు నెలలు వాడి, నొప్పి రోజులను క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటూ రండి. తగ్గకపోతే ఆరు నెలల దాకా లాగకండి.

నేను గట్టిగా చెప్పదలచినది మీ ఆఖరి వాక్యం గురించి. మీరు కవిటిలో ఉన్నారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల ఉద్దానం పల్లెలలో మూత్రపిండాల జబ్బు ఇళ్ళకు ఇళ్ళను ఎలా కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు, దాని మూలకారణం ఇప్పటికీ ఖచ్చితంగా తేలలేదు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. మరొకచోట నెలకు నాలుగు మాత్రలు వేసుకునే అమ్మాయిని నేను ఇంతగా హెచ్చరించను. మీరు మాత్రం షాపు మాత్ర మానేసి, ముందుగా మూత్రపిండాల స్థితి చెప్పే రెండు పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, చేయించండి. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. డైక్లోఫినాక్ జెల్ పైపూతగా రాస్తే రక్తంలోకి చాలా తక్కువ వెళుతుంది, రొమ్ము నొప్పికి బాగానే పనిచేస్తుంది, అదైనా డాక్టరుకు చెప్పి వాడండి. కొలత సరిపోయిన, గట్టిగా ఆనించి పట్టే లోదుస్తును ఆ వారం రోజులు రాత్రి కూడా వేసుకోండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే సగం ఊరట కలుగుతుంది.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. వయసు 61. రొమ్ము క్యాన్సరు ఆపరేషను తరవాత లెట్రోజోల్ వాడుతున్నాను. ఉదయం లేవగానే వేళ్ళు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అమెరికాలో ఉన్న అమ్మాయి ఒమేగా-3 పంపింది. కీళ్ళ నొప్పికి పనిచేస్తుందా?

జవాబు: సరిగ్గా మీ వంటివారి మీదే అక్కడ ఒక మంచి పరీక్ష జరిగింది. ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోను తయారీని తగ్గించే లెట్రోజోల్ వర్గపు మాత్రల వల్ల కీళ్ళు నొప్పి పుట్టిన 249 మంది స్త్రీలలో కొందరికి రోజుకు 3.3 గ్రాముల ఒమేగా-3, మిగిలినవారికి సోయా, మొక్కజొన్న నూనెల మిశ్రమం 24 వారాలు ఇచ్చారు. 2015లో వెలువడిన ఫలితాలలో నొప్పి రెండు జట్లవారికీ బాగా తగ్గింది, ఒమేగా-3కి ప్రత్యేకమైన ఆధిక్యం కనబడలేదు. బాగా లావుగా ఉన్నవారిలో మాత్రం కొంత ఎక్కువ ఉపశమనం ఉన్నట్టు తరవాతి విశ్లేషణలో తేలింది, అది ఇంకా రూఢి కావలసిన మాట. అదే 2015లో ప్రకటించిన మరొక పరీక్షలో, వారానికి 150 నిమిషాల నడక, రెండుసార్లు బరువుల వ్యాయామం ఏడాదిపాటు చేసిన స్త్రీలకు ఈ నొప్పే నాలుగోవంతుకు పైగా తగ్గింది. అందుచేత ఉదయం గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచి, వేళ్ళు ఆడించి, నడక మొదలుపెట్టండి. అమ్మాయి పంపినవి వాడుకోవచ్చు, అయితే గుండె దడ గాని, రక్తం పలచబరిచే మందులు గాని ఉంటే ముందు డాక్టరును అడగండి. ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి పరీక్ష చేయించుకోకపోతే ఈ నెలలోనే చేయించుకోండి. నొప్పికి భయపడి లెట్రోజోల్ మీ అంతట మీరు ఆపవద్దు, అదే వర్గంలో మరొక మాత్రకు మార్చి చూడవచ్చు.

ప్రశ్న: మాది బారువ దగ్గర గంగపుత్రుల ఊరు. మా అత్తగారికి రొమ్ము క్యాన్సరుకు అగనంపూడిలోని ఆసుపత్రిలో కీమోథెరపీ ఇస్తున్నారు. చేప తింటే పుండు చీము పడుతుందని ఊళ్ళో పథ్యం పెట్టించారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చేప లేకుండా ముద్ద దిగనిది. అన్నం సరిగా తినడం లేదు. బంధువులు చేపనూనె గోళీలు తెచ్చారు. అవి ఇవ్వవచ్చా?

జవాబు: అమ్మా, మీ అత్తగారి నోటి దగ్గర చేప ముక్క ఆపి చేపనూనె గోళీ ఇవ్వడం తిరగేసిన వైద్యం. చేప తింటే పుండు చీము పట్టదు. పుండు మానడానికి, కీమో వల్ల నశించిన కణాలు మళ్ళీ పుట్టడానికి మాంసకృత్తులు కావాలి, అవి చేపలో పుష్కలంగా ఉన్నాయి. పథ్యం పెట్టినవారు ఆవిడ మేలు కోరే పెట్టారు, వారితో తగవు పెట్టుకోకుండా ఈ జవాబు చదివి వినిపించండి.

గోళీలు మాత్రం కీమో పూర్తయ్యేదాకా వద్దు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో ఒక హెచ్చరిక చేశారు. చేపనూనెలో, హెర్రింగ్, మాకరెల్ అనే చేపలలో ఉండే ఒక అరుదైన కొవ్వు ఆమ్లం ఎలుకలలో కీమో మందు పని చేయకుండా అడ్డుపడింది. ఆరోగ్యవంతులైన మనుషులు ఆ నూనె తాగితే, ఆ చేపలు తింటే వారి రక్తంలో కూడా ఆ ఆమ్లం పెరిగింది. రోగులలో ఎంత నష్టం జరుగుతుందో రుజువు కాలేదు గాని, జాగ్రత్త కోసం కీమో ముందురోజు నుంచి మర్నాటి వరకు వాటిని మానమన్నారు. వారు చూసిన మాకరెల్ మన కానగుర్తకు చుట్టమే తప్ప అదే చేప కాదు. అయినా ఆ మూడు రోజులు నూనె ఎక్కువుండే కవళ్ళు, కానగుర్తలు పక్కన పెట్టి గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి. మిగిలిన రోజులలో అన్ని చేపలూ పెట్టవచ్చు. ఎండుచేప ఉప్పును బట్టి, రక్తపోటు ఉంటే తగ్గించండి. గోళీల సంగతి అగనంపూడి డాక్టర్లకు తప్పక చెప్పండి.

చేప ఆ రోజు పట్టినదై ఉండాలి, బాగా ఉడకాలి. కీమో సమయంలో తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి పచ్చి, నిలవ పదార్థాలు ప్రమాదం. మర్నాటికి పులుసు రుచి పెరుగుతుందని మనందరికీ తెలుసు, ఆవిడకు కూడా తెలుసు, అడుగుతారు కూడా. ఈ నాలుగైదు నెలలు మాత్రం ఆవిడ గిన్నెలోకి వేడిగా ఉన్న ఆ పూట పులుసే వడ్డించండి. ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్ దాటి కాలితే రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.